ఫోల్డర్ నిఘా, అసింక్‌ఐఓ: స్లిప్పులన్నీ కాసేపాగి ఒకేసారి ఎందుకు పడుతున్నాయి?

కాటా_బాబు
పోర్టు రోడ్డులో ఒక స్టాక్ యార్డు. అక్కడ కంప్యూటర్లు, కేబుళ్ళు, ప్రింటర్లు, ఓనర్ గారి ఫోన్ రీఛార్జి, అన్నీ నా నెత్తినే. మూడు లారీ కాటాలున్నాయి. తూకం అవగానే కాటా సాఫ్ట్‌వేర్ ఒక సీఎస్‌వీ ఫైలు, రెండు కెమెరా ఫోటోలు ఒక ఫోల్డర్‌లో పడేస్తుంది. ఆఫీసులో ఉబుంటు పెట్టె ఒకటి ఉంది. అందులో నా పైథాన్ స్క్రిప్టు ఆ ఫోల్డర్లను కనిపెట్టుకుని ఉండి, కొత్త ఫైలు రాగానే చదివి, పీడీఎఫ్ చేసి ప్రింటరుకి పంపాలి. ఫోల్డర్ మార్పులు కనిపెట్టే వాచ్‌డాగ్ లైబ్రరీ, ఒకే ప్రోగ్రామ్‌లో చాలా పనులు వంతులవారీగా నడిపే అసింక్‌ఐఓ వాడాను.

బాధలు మూడు. ఒకటి, డ్రైవరు లారీ దిగి కిటికీ దగ్గరికి వచ్చినా స్లిప్పు రాదు. కాసేపాగి నాలుగైదు ఒకేసారి బరబరా పడతాయి. రెండు, అప్పుడప్పుడు సీఎస్‌వీ ఖాళీగా ఉందంటుంది. నేను వెళ్ళి తెరిస్తే అంతా ఉంటుంది. మూడు, మూడో కాటా ఫైళ్ళు అసలు కనపడవు. స్క్రిప్టు ఆపి మళ్ళీ మొదలుపెడితే అప్పటిదాకా పోగైనవన్నీ కనపడతాయి.

రోజుకి మూడొందల లారీల దాకా వస్తాయి. డ్రైవర్లు కిటికీలోంచి నా మొహం చూస్తుంటే తల ఎత్తలేకపోతున్నాను. ఓనర్ గారైతే "పుస్తకంలో రాసుకున్నప్పుడే హాయిగా ఉండేది" అని రోజుకోసారి అంటున్నారు.

సిరిపురం_సిస్టమ్స్
ఇంత చిన్న పనికి అసింక్ ఎందుకు గురూ? వైల్ ట్రూ, రెండు సెకన్ల స్లీప్, ఫోల్డర్ లిస్టు తెచ్చుకోవడం, కొత్తవి చూసుకోవడం. పది లైన్లు. మూడొందల లారీలకి ఈవెంట్ లూప్ (అసింక్‌లో పనులకి వంతులేసి నడిపే చక్రం) అంటే వీధి చివరి కిరాణా కొట్టుకి హెలికాప్టర్‌లో వెళ్ళినట్టు ఉంది.

ఉప్పుగాలి
పైన చెప్పిన పది లైన్లు మొదటి సంవత్సరం బాగానే ఉంటాయి. మా దగ్గర పాత ఫైళ్ళు ఎవరూ తీయలేదు, ఫోల్డర్‌లో లక్షల్లో చేరాయి. రెండు సెకన్లకోసారి అన్నింటి పేర్లూ తెచ్చి, ఒక్కోదాని మార్పు సమయం అడుగుతూ పోతే ఒక రౌండు అయ్యేసరికే అర నిమిషం దాటేది. షేర్ మీద ఉన్న ఫోల్డరైతే ఇంకా ఘోరం. ప్రతి ప్రశ్నా నెట్‌వర్క్ మీద వెళ్ళి రావాలి.

సిరిపురం_సిస్టమ్స్
ఫోల్డర్ ఊడ్చుకోకపోవడం మీ తప్పు, పోలింగ్ (మాటిమాటికీ వెళ్ళి చూసుకోవడం) తప్పు కాదు.

కాటా_బాబు
అసింక్ సరదాకి పెట్టలేదు సార్. అదే స్క్రిప్టు ఓనర్ గారి క్యాబిన్‌లో టీవీకి లైవ్ లెక్క పంపాలి, పార్టీలకి ఎస్ఎంఎస్ కొట్టాలి, ప్రింటరుతో మాట్లాడాలి. విడివిడిగా నాలుగు స్క్రిప్టులు పెడితే ఏది చచ్చిందో ఏది బతికుందో తెలియక ఇంతకుముందే అవస్థ పడ్డాను.

నైట్‌షిఫ్ట్_నాని
ప్రింటరుతో మాట్లాడుతున్నారా? మా ఆఫీసులో ప్రింటరు ఎవరితోనూ మాట్లాడదు. అలిగి కూర్చుంటుంది.

పాత_కెర్నెల్
ఏది ఎక్కడ జరుగుతోందో ముందు విడదీసుకుందాం. లినక్స్‌లో ఫోల్డర్ మారిందని చెప్పేది, సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌లోని ఇనోటిఫై. 2005లో 2.6.13 కెర్నెల్‌తో వచ్చింది. అంతకుముందు డీనోటిఫై అని ఒకటుండేది. సిగ్నళ్ళతో పని, ఫోల్డర్‌లో ఏదో కదిలిందని చెప్పేదే కానీ ఏ ఫైలో చెప్పేది కాదు. ఇంట్లో దొంగ పడ్డాడని అరిచి, ఏ గదిలోనో చెప్పకుండా పారిపోయే బాపతు.

ఇనోటిఫైలో మీకో ఫైల్ డిస్క్రిప్టర్ (కబుర్లు చదువుకోవడానికి పిడి లాంటి నంబరు) ఇస్తారు. ఏదైనా జరిగితే అది చదవడానికి సిద్ధమవుతుంది. అంటే నెట్‌వర్క్ సాకెట్‌ని ఎలా కాచుకుంటామో దీన్నీ ఈపోల్‌తో (ఏదైనా కదిలేదాకా నిద్రపుచ్చి, కదలగానే లేపే కెర్నెల్ సదుపాయం) అలాగే కాచుకోవచ్చు. అసింక్‌ఐఓ లూప్ లోపల చేసేది అదే పని. లూప్‌కి యాడ్_రీడర్ అని ఒక మెథడ్ ఉంది. ఆ డిస్క్రిప్టర్‌నీ, కబురు రాగానే పిలవాల్సిన ఒక ఫంక్షన్‌నీ (కాల్‌బ్యాక్) దానికిచ్చేస్తే చాలు. ఇంకో థ్రెడ్, అంటే పక్కన సమాంతరంగా నడిచే ఇంకో వరస, అక్కర్లేదు.

వాచ్‌డాగ్ దారి వేరు. కింద అదీ ఇనోటిఫైనే వాడుతుంది, కానీ దానికి సొంత థ్రెడ్లుంటాయి. కొత్త ఫైలు పుట్టగానే పిలిచే మీ ఆన్_క్రియేటెడ్ ఫంక్షన్ నడిచేది ఆ థ్రెడ్‌లో, మీ లూప్ ఉన్న థ్రెడ్‌లో కాదు. కాబట్టి నా ప్రశ్న: ఆ థ్రెడ్ నుంచి లూప్‌కి కబురు ఎలా అందిస్తున్నావు బాబూ?

కాటా_బాబు
ఆన్_క్రియేటెడ్‌లోంచి నేరుగా అసింక్‌ఐఓ క్యూలోకి పుట్_నోవెయిట్ చేస్తున్నాను. అవతల ఒక కోరుటీన్ (మధ్యలో ఆగి మళ్ళీ సాగగల అసింక్ ఫంక్షన్) ఆ క్యూ మీద అవెయిట్ గెట్ అంటూ కూర్చుని ఉంటుంది.

పాత_కెర్నెల్
ఊఁ. అనుకున్నాను.

సెమాఫోర్_సుజాత
కెర్నెల్ గారు ఊఁ అని ఊరుకున్నారు కాబట్టి నేను అడుగుతాను. బాబూ, ఆ నాలుగైదు స్లిప్పులు ఒకేసారి పడతాయన్నావు కదా. పడే సమయం ఎప్పుడైనా గమనించావా? ఆ స్క్రిప్టులో ఇంకెక్కడైనా అసింక్‌ఐఓ స్లీప్ ఉందా?

కాటా_బాబు
మేడమ్, మీరు అడిగాక ప్రింటర్ లాగ్ తీశాను. పిచ్చెక్కింది. ప్రతి గుంపూ కచ్చితంగా నిమిషం మారగానే పడుతోంది. 10:41:00, 10:42:00, 10:44:00. టీవీకి లెక్క పంపే కోరుటీన్ ఒకటుంది. నిమిషానికోసారి లేచి అంకెలు మార్చి మళ్ళీ పడుకుంటుంది. దానికీ స్లిప్పులకీ సంబంధమే లేదే!

సెమాఫోర్_సుజాత
సంబంధం అదే. అసింక్‌ఐఓ క్యూ థ్రెడ్‌సేఫ్ కాదు, అంటే వేరే థ్రెడ్ నుంచి ముట్టుకుంటే భద్రం కాదు. నువ్వు వేరే థ్రెడ్ నుంచి అందులో వస్తువు పెడితే వస్తువు పడుతుంది. గెట్ దగ్గర ఎదురుచూస్తున్న కోరుటీన్‌ని లేపమని లూప్ జాబితాలో ఒక చీటీ కూడా పడుతుంది. కానీ లూప్ అప్పటికే ఈపోల్‌లో నిద్రపోతోంది. ఏదైనా సాకెట్ కదలాలి, లేదా టైమర్ గడువు తీరాలి, అప్పుడే లేస్తుంది. నీ చీటీ దిండు పక్కన పెట్టావు, మనిషిని తట్టలేదు. నిమిషానికి అలారం మోగింది, లేచింది, పక్కనున్న చీటీలన్నీ చూసింది, వరసగా ప్రింట్ చేసింది.

తట్టి లేపడానికే కాల్_సూన్_థ్రెడ్‌సేఫ్ ఉంది. లూప్ తనను తాను లేపుకోవడానికి లోపల ఒక సాకెట్ జత పెట్టుకుంటుంది. ఈ మెథడ్ పిలిస్తే అందులోకి ఒక బైటు వెళుతుంది, ఈపోల్ వెంటనే తిరిగొస్తుంది. ఆన్_క్రియేటెడ్‌లో క్యూని ముట్టుకోకు. లూప్ డాట్ కాల్_సూన్_థ్రెడ్‌సేఫ్ అని, క్యూ తాలూకు పుట్_నోవెయిట్‌నీ, ఫైలు దారినీ దానికి ఇవ్వు. ఒక్క లైను మార్పు.

బీచ్‌రోడ్_బైట్స్
ఒప్పుకోను. నేను రెండేళ్ళుగా వాచ్‌డాగ్ నుంచి నేరుగా అసింక్ క్యూలోకే పెడుతున్నాను. ఒక్క ఫైలూ ఆలస్యం కాలేదు.

సెమాఫోర్_సుజాత
మీ లూప్‌లో వెబ్ సర్వర్ కూడా ఉందా?

బీచ్‌రోడ్_బైట్స్
ఉంది. సెకనుకి ముప్పై నలభై రిక్వెస్టులు.

సెమాఫోర్_సుజాత
అందుకే. మీ లూప్ నిద్రపోతే కదా. ఏదైనా పండక్కి ట్రాఫిక్ లేని రాత్రి చూడండి.

నైట్‌షిఫ్ట్_నాని
అంటే జగదాంబ జంక్షన్‌లో కాపురం పెట్టినవాడికి కాలింగ్ బెల్ పాడైన సంగతి తెలియదన్నమాట.

పాత_కెర్నెల్
నమ్మకం కుదరనివాళ్ళు అసింక్‌ఐఓ రన్‌కి డీబగ్ ట్రూ ఇచ్చి నడపండి. లేదా పైథాన్‌అసింక్‌ఐఓడీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చేయండి. ఆ మోడ్‌లో లూప్ ప్రతి కాల్_సూన్‌నీ ఏ థ్రెడ్ పిలిచిందో తనిఖీ చేస్తుంది. పరాయి థ్రెడ్ అయితే మొహం మీదే రన్‌టైమ్ ఎర్రర్. ఇంకో లాభం, వంద మిల్లీసెకన్లు దాటి లూప్‌ని పట్టుకుని కూర్చున్న ప్రతి కాల్‌బ్యాక్ పేరూ లాగ్‌లో రాస్తుంది.

కాటా_బాబు
పెట్టాను. మొదటి లారీకే ఎర్రగా ట్రేస్‌బ్యాక్. "నాన్ థ్రెడ్‌సేఫ్ ఆపరేషన్" అని. సుజాత మేడమ్ చెప్పిన లైను మార్చాను. ఇప్పుడు డ్రైవరు కిందికి దిగేలోపే స్లిప్పు చేతికొస్తోంది. ఆరు నెలలుగా ఇది ప్రింటర్ లోపం అనుకుని రెండుసార్లు డ్రమ్ మార్పించాను. ఆ డబ్బు సంగతి ఓనర్ గారికి చెప్పను.

డీబగ్‌లో ఇంకోటి కూడా వస్తోంది. పీడీఎఫ్ తయారుచేసే టాస్కు 3.2 సెకన్లు పట్టిందని. అది తప్పా?

అరకు_కాఫీ
తప్పున్నరా? ఆ 3.2 సెకన్లూ నీ టీవీ లెక్క, ఎస్ఎంఎస్, రెండో కాటా, అన్నీ కళ్ళు తేలేసి ఉంటాయి. అసింక్ డెఫ్ అని ముందు తగిలించినంత మాత్రాన లోపలి పని అసింక్ అయిపోదు. అవెయిట్ లేని బరువు పని ఏదైనా లూప్ పీక పట్టుకున్నట్టే. పైథాన్ 3.9 నుంచి అసింక్‌ఐఓ టు_థ్రెడ్ ఉంది, పీడీఎఫ్ ఫంక్షన్‌ని అందులోకి తోసెయ్.

సిరిపురం_సిస్టమ్స్
పీడీఎఫ్ పని సీపీయూ పని అయితే థ్రెడ్‌లో వేసినా జీఐఎల్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే తాళం) కోసం కొట్టుకుంటాయి. ప్రాసెస్ పూల్ వేసుకో. నేను అసింక్ వద్దన్నానని నాకు అసింక్ తెలియదనుకోకండి.

అరకు_కాఫీ
నిమిషానికి ఒక లారీకి జీఐఎల్ గొడవ ఏం అడ్డమొస్తుంది అన్నా? టు_థ్రెడ్ చాలు. ఫోటోలోంచి నంబర్ ప్లేటు చదివే పని మొదలుపెట్టినప్పుడు చూసుకోవచ్చు.

కాటా_బాబు
అది కూడా అడిగారు ఓనర్ గారు. నేను వినపడనట్టు వెళ్ళిపోయాను.

ఉప్పుగాలి
రెండో బాధకి వద్దాం, ఖాళీ సీఎస్‌వీ. ఆన్_క్రియేటెడ్ అంటే ఫైలు పుట్టిందని అర్థం, పెరిగిందని కాదు. కాటా సాఫ్ట్‌వేర్ ఫైలు తెరిచిన క్షణంలో ఆ కబురు వస్తుంది. అప్పటికి అందులో సున్నా బైట్లు. ఇన్నాళ్ళూ నీ లూప్ నిద్రపోవడం వల్ల చాలా ఫైళ్ళు బతికిపోయాయి. ఇప్పుడు చురుగ్గా లేస్తోంది కాబట్టి ఖాళీలు ఇంకా ఎక్కువవుతాయి చూడు.

కాటా_బాబు
అవును సార్, పొద్దుటి నుంచి పదకొండు ఖాళీలు! ఒకటి బాగుచేస్తే ఇంకోటి.

ఉప్పుగాలి
లినక్స్‌లో రాయడానికి తెరిచిన ఫైలు మూసినప్పుడు వచ్చే కబురు వేరే ఉంది, ఇన్_క్లోజ్_రైట్. వాచ్‌డాగ్‌లో దానికి ఆన్_క్లోజ్డ్ అని పెట్టారు. దాన్ని పట్టుకో. ఆన్_క్రియేటెడ్, ఆన్_మోడిఫైడ్ రెండూ వదిలెయ్. పెద్ద ఫైలైతే మోడిఫైడ్ కబురు ఒక్క ఫైలుకే పదుల సార్లు వస్తుంది.

గోపాలపట్నం_గీక్
నా పద్ధతి తేలిక. సైజు చూడు, సెకను ఆగు, మళ్ళీ చూడు, మారకపోతే పూర్తయినట్టే.

పాత_కెర్నెల్
ఆ పద్ధతి నన్ను నిలువునా ముంచింది. విండోస్ ఎక్స్‌ప్లోరర్ నుంచి పెద్ద ఫైలు కాపీ చేస్తే, అది మొదట్లోనే మొత్తం సైజు కేటాయించేసి తర్వాత లోపల నింపుకుంటూ వస్తుంది. మొదటి సెకనులోనే సైజు నిండుగా ఉంటుంది, ఇక మారదు. లోపల సున్నాలే. నేను ఆ సున్నాలని పూర్తి ఫైలు అనుకుని ఒక రాత్రంతా బ్యాకప్ తీశాను.

గోపాలపట్నం_గీక్
సరే, నా దగ్గర విండోస్ లేదు కాబట్టి నేను క్షేమం.

పాత_కెర్నెల్
ఆన్_క్లోజ్డ్ మీద కూడా గుడ్డి నమ్మకం వద్దు. ఫైలు మూశారంటే పని పూర్తయిందని కాదు. రాస్తున్న ప్రోగ్రామ్ మధ్యలో చచ్చినా, షేర్‌లోకి కాపీ అవుతుండగా లింక్ తెగినా, సర్వర్ ఆ ఫైలు మూసేస్తుంది. అప్పుడూ అదే కబురు వస్తుంది. సగం ఫైలు, పూర్తి కబురు.

సరైన పద్ధతి రాసేవాడి చేతిలో ఉంది. డాట్ టీఎంపీ పేరుతో పూర్తిగా రాసి, చివర్లో అసలు పేరుకి రీనేమ్ చేయాలి. ఒకే ఫైల్‌సిస్టమ్ లోపల రీనేమ్ ఒక్క దెబ్బలో జరుగుతుంది, మధ్య స్థితి అంటూ ఉండదు. నువ్వు ఇన్_మూవ్డ్_టు (రీనేమ్ అయి వచ్చిందన్న కబురు) కోసం చూస్తే చాలు. ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకి మాత్రం ఇది కుదరదు. అక్కడ రీనేమ్ ఎర్రర్ ఇస్తుంది, మూవ్ కమాండ్ అయితే లోపల కాపీ చేసి పాతది తీసేస్తుంది.

కాటా_బాబు
కాటా సాఫ్ట్‌వేర్ వెండర్‌ది సార్. ఫైలు పేర్లో ఒక అక్షరం మార్చమన్నా కొటేషన్ పంపుతారు.

సెమాఫోర్_సుజాత
అయితే ఫైలు లోపల సాక్ష్యం వెతుకు. సీఎస్‌వీలో చివరి లైను ఏముంటుంది?

కాటా_బాబు
నికర బరువు, దాని కింద ఆపరేటర్ కోడ్.

సెమాఫోర్_సుజాత
ఆన్_క్లోజ్డ్ రాగానే చదువు. ఆపరేటర్ కోడ్ లైను ఉంటేనే పూర్తి. లేకపోతే పక్కన పెట్టి కొన్ని సెకన్లాగి మళ్ళీ చూడు. ఫోటోలకీ ఇలాంటి గుర్తుంది, జేపీజీ మామూలుగా ఎఫ్‌ఎఫ్ డీ9 అనే రెండు బైట్లతో ముగుస్తుంది. ఆగడం అంటే టైమ్ డాట్ స్లీప్ కాదు సుమా, అవెయిట్ అసింక్‌ఐఓ స్లీప్.

మర్రిపాలెం_మూర్తి
కొంచెం పక్కదారి. మొన్న నా ల్యాప్‌టాప్‌లో ఏదో ప్రాజెక్టు తెరిస్తే "డివైస్‌లో చోటు లేదు" అన్నాడు. కష్టపడి దాచుకున్న పాత సినిమాలన్నీ తీసేశాను, యాభై జీబీ ఖాళీ అయింది. మళ్ళీ అదే మాట. అది డిస్కు చోటు కాదట, ఇనోటిఫై వాచ్‌ల పరిమితి అట! ఒక్కో ఫోల్డర్‌కి ఒక్కో వాచ్ కావాలట, ప్రాజెక్టు లైబ్రరీలుండే నోడ్ మాడ్యూల్స్‌లో ఉన్న వేల ఫోల్డర్లకి అవి చాలలేదట.

పాత_కెర్నెల్
మాక్స్_యూజర్_వాచెస్. పాత కెర్నెళ్ళలో 8192 మాత్రమే. 5.11 నుంచి మెషీన్ మెమరీని బట్టి పెంచుతున్నారు. పరిమితి దాటితే వచ్చే ఎర్రర్ నంబరూ, డిస్కు నిండితే వచ్చే నంబరూ ఒకటే కావడంతో ఈ తిప్పలు. సినిమాలకి నా సంతాపం.

మర్రిపాలెం_మూర్తి
అందులో పెళ్ళి వీడియో కూడా ఉంది. ఇంట్లో ఇంకా తెలియదు.

నైట్‌షిఫ్ట్_నాని
మీ ఇంటి ఈవెంట్ లూప్‌కి ఆ కబురు అందేదాకా ప్రశాంతంగా ఉండండి.

అరకు_కాఫీ
ఒక ఫైలు మీదే వాచ్ పెట్టేవాళ్ళు కూడా జాగ్రత్త. నేను కాన్ఫిగ్ ఫైలు మీద పెట్టాను. ఎడిటర్‌లో మొదటిసారి సేవ్ చేస్తే కబురొచ్చింది, ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా రాలేదు. చాలా ఎడిటర్లు పాత ఫైల్లో రాయవు. కొత్త ఫైలు రాసి పాతదాని స్థానంలోకి రీనేమ్ చేస్తాయి. నా వాచ్ పాత ఐనోడ్‌కి (డిస్కు మీద ఆ ఫైలు అసలు గుర్తింపు) కట్టుబడి ఉంది, అది చచ్చిపోయింది. ఫోల్డర్ మీద పెట్టి పేరుతో వడకట్టుకోవాలి.

ఉప్పుగాలి
మూడో కాటా సంగతి ఇంకా తేలలేదు. బాబూ, ఆ ఫోల్డర్ ఉబుంటు పెట్టె డిస్కు మీదే ఉందా?

కాటా_బాబు
లేదు సార్. మొదటి రెండు కాటాల పీసీలు మా పెట్టెలో ఉన్న సాంబా (విండోస్ పీసీలకి లినక్స్ ఫోల్డర్ పంచే ప్రోగ్రామ్) షేర్‌లోకి రాస్తాయి. మూడో కాటా వేరే వెండర్. వాళ్ళు వాళ్ళ విండోస్ పీసీలోనే ఫోల్డర్ షేర్ చేశారు. నేను దాన్ని మా పెట్టెలో మౌంట్ చేసుకున్నాను.

ఉప్పుగాలి
దొరికింది. ఇనోటిఫై చెప్పేది ఈ కెర్నెల్ ద్వారా జరిగిన మార్పులే. మొదటి రెండు కాటాలు నెట్‌వర్క్ మీద వచ్చినా, చివరికి ఫైలు రాసేది మీ పెట్టెలోని సాంబా ప్రోగ్రామే కాబట్టి కెర్నెల్‌కి తెలుస్తుంది. మూడోది అవతలి పీసీ డిస్కు మీద అవతలి పీసీయే రాసుకుంటోంది. మీ కెర్నెల్‌కి ఎవరు చెప్తారు? నువ్వు రీస్టార్ట్ చేసినప్పుడు స్క్రిప్టు మొదట ఫోల్డర్ మొత్తం చదువుతుంది కాబట్టి కనపడ్డాయి.

అరకు_కాఫీ
డబ్ల్యూఎస్ఎల్2లో (విండోస్ లోపల నడిచే లినక్స్) సీ డ్రైవ్ ఫోల్డర్ మీద నిఘా పెట్టినా ఇదే కథ. విండోస్ వైపు మార్పులు లినక్స్ వైపు కబురుగా రావు. కొత్తగా చేరిన పిల్లలు వారానికొకరు వచ్చి ఆటో రీలోడ్ పనిచేయట్లేదని అడుగుతారు.

కాటా_బాబు
మరి మూడోదానికి ఏం చేయాలి?

ఉప్పుగాలి
కుదిరితే ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్‌లో ఫోల్డర్ దారి మార్చి మీ సాంబా షేర్‌లోకే రాయించు. కుదరకపోతే పోలింగే గతి. వాచ్‌డాగ్‌లో పోలింగ్ అబ్జర్వర్ ఉంది.

సిరిపురం_సిస్టమ్స్
ఏమన్నారు? సరిగ్గా వినపడలేదు. పోలింగా?

ఉప్పుగాలి
మూడో కాటాకి మాత్రమే.

సిరిపురం_సిస్టమ్స్
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

కంచరపాలెం_కోడర్
వాచ్‌ఫైల్స్ లైబ్రరీ ఎవరూ చెప్పలేదేం? ముందు దాని పేరు వాచ్‌గాడ్. కింద రస్ట్ భాషలో రాసిన నోటిఫై లైబ్రరీ వాడుతుంది. అవాచ్ అని నేరుగా అసింక్ ఫర్‌లో తిప్పుకోవచ్చు, థ్రెడ్‌సేఫ్ గొడవ మనదాకా రాదు. నెట్‌వర్క్ ఫోల్డర్లకి ఫోర్స్ పోలింగ్ కూడా ఉంది.

సెమాఫోర్_సుజాత
మంచిదే, నేనూ వాడతాను. కాకపోతే అది మార్పుల్ని పోగుచేసి సెట్‌గా ఇస్తుంది. అలా పోగుచేసే డీబౌన్స్ గడువు 1600 మిల్లీసెకన్ల దాకా, మార్చుకోవచ్చు. సెట్ కాబట్టి ఏది ముందు ఏది వెనక అన్న వరస ఉండదు. కోడ్ మారితే సర్వర్ రీస్టార్ట్ చేయడానికి దివ్యంగా ఉంటుంది. లారీల క్రమం కావాలంటే సీఎస్‌వీలోని సమయం చూసి పేర్చుకోవాలి. ఇంకోటి, అది చేర్పు, మార్పు, తొలగింపు అని మూడే చెప్తుంది. ఫైలు మూశారన్న కబురు విడిగా రాదు.

గోపాలపట్నం_గీక్
విండోస్‌లో యాడ్_రీడర్‌తో చేద్దామంటే నాట్ ఇంప్లిమెంటెడ్ అంటోంది మా తమ్ముడికి.

పాత_కెర్నెల్
పైథాన్ 3.8 నుంచి విండోస్‌లో మామూలుగా వచ్చేది ప్రోయాక్టర్ లూప్. దానికి యాడ్_రీడర్ లేదు. అసలు విండోస్‌లో ఇనోటిఫై కూడా లేదు కదా, అక్కడ రీడ్‌డైరెక్టరీచేంజెస్‌డబ్ల్యూ. మీ తమ్ముడిని వాచ్‌డాగో వాచ్‌ఫైల్సో వాడమనండి. మీ దగ్గర విండోస్ లేదన్నారే?

గోపాలపట్నం_గీక్
తమ్ముడి దగ్గర ఉంది. నేను క్షేమమే.

నైట్‌షిఫ్ట్_నాని
జోకులు పక్కన పెట్టి నా అనుభవం ఒకటి చెప్తాను. మా ప్లాంట్‌లో సెన్సార్ ఫైళ్ళు రోజుకో ఫోల్డర్‌లో పడతాయి. రాత్రి పన్నెండుకి తేదీ పేరుతో కొత్త ఫోల్డర్ పుడుతుంది. ఇనోటిఫై లోపలి ఫోల్డర్లని తనంతట తాను చూడదు, ఒక్కోదానికి మనమే వాచ్ పెట్టాలి. నేను యాడ్_రీడర్‌తో సొంతంగా రాసుకున్నాను. కొత్త ఫోల్డర్ పుట్టిందన్న కబురొస్తుంది, వాచ్ పెడతాను, అంతా బాగుంది. కానీ రోజూ మొదటి ఫైలు మాయం. నెల రోజులు రాత్రి డ్యూటీలో ఆ ఒక్క ఫైలు కోసం కాపలా కాశాను.

ఫోల్డర్ పుట్టడానికీ నేను వాచ్ పెట్టడానికీ మధ్య సన్నటి సందు ఉంది. ఆ సందులోనే మొదటి ఫైలు వచ్చి పడుతోంది. వాచ్ పెట్టాక ఫోల్డర్‌ని ఒకసారి చదవడం మొదలుపెట్టాను, దొరికింది. వరస ముఖ్యం. ముందు వాచ్, తర్వాత చదవడం. తిరగేస్తే సందు మళ్ళీ తెరుచుకుంటుంది.

సెమాఫోర్_సుజాత
ఈ దారంలో నాని రాసిన మొదటి పనికొచ్చే మాట. స్క్రిప్టు మొదలయ్యేటప్పుడు కూడా ఇదే వరస పాటించాలి బాబూ. అప్పుడు ఒకే ఫైలు రెండుసార్లు కనపడొచ్చు. ఫర్వాలేదు, రెండుసార్లు కనపడితే వడకట్టుకోవచ్చు. కనపడనిదాన్ని ఏం చేస్తాం?

బీచ్‌రోడ్_బైట్స్
కబుర్ల క్యూ నిండిపోయే సంగతి కూడా చెప్పండి. మామూలుగా 16384 దాకా ఆగుతుంది. దాటితే ఇన్_క్యూ_ఓవర్‌ఫ్లో అని ఒకే ఒక్క కబురు పంపి మిగతావి పారేస్తుంది. ఏవి పోయాయో చెప్పదు.

సిరిపురం_సిస్టమ్స్
రోజుకి తొమ్మిదొందల ఫైళ్ళు వచ్చే యార్డుకి పదహారు వేల భయం ఎందుకు?

బీచ్‌రోడ్_బైట్స్
యాడ్_రీడర్‌తో చదివేవాళ్ళకి లూప్ బ్లాక్ అయితే నిండుతుంది. ఏ కాటా పీసీయో నెల రోజుల ఫైళ్ళు ఒకేసారి కాపీ చేసినా నిండొచ్చు. ఒక్కో ఫైలుకి పుట్టుక, రాతలు, మూత అని నాలుగైదు కబుర్లు కదా. రాకపోతే మంచిదే. వచ్చినప్పుడు ఫోల్డర్ మొత్తం మళ్ళీ చదువుకోవడమే మందు.

సెమాఫోర్_సుజాత
నేనైతే ఐదు నిమిషాలకోసారి ఎలాగూ ఒక పూర్తి చదువు పెట్టేస్తాను. కబురు వస్తే వేగంగా అవుతుంది, రాకపోతే ఐదు నిమిషాలు ఆలస్యంగా అవుతుంది. పోవడమైతే ఉండదు. సిరిపురం గారు మళ్ళీ స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు.

సిరిపురం_సిస్టమ్స్
తీశాను.

అరకు_కాఫీ
ఒక చిన్న గుంట కూడా ఉంది. ప్రతి ఫైలుకి క్రియేట్_టాస్క్ చేసి వదిలేయకు. లూప్ టాస్కులని బలహీన రెఫరెన్స్‌తో మాత్రమే పట్టుకుంటుంది. నువ్వు ఎక్కడా దాచకపోతే వాడని వస్తువులు ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ మధ్యలోనే ఎత్తుకుపోవచ్చు. ఒక సెట్‌లో వేసుకో, పూర్తయ్యాక తీసెయ్. 3.11 పైన ఉంటే టాస్క్‌గ్రూప్ వాడు. కానీ అందులో ఒక టాస్కు ఎర్రర్‌తో చస్తే మిగతావన్నీ రద్దవుతాయి, కాబట్టి ఎర్రర్ లోపలే పట్టుకోవాలి.

కాటా_బాబు
నాలుగు రోజుల తర్వాత వచ్చాను, వరసగా వర్షం. ఇప్పటి పరిస్థితి: థ్రెడ్‌సేఫ్ లైను మార్చాను, ఆన్_క్లోజ్డ్, చివరి లైను తనిఖీ, టు_థ్రెడ్, ఐదు నిమిషాల పూర్తి చదువు, మూడో కాటాకి మూడు సెకన్ల పోలింగ్. ఖాళీ సీఎస్‌వీ ఒక్కటీ లేదు. బుధవారం రెండో కాటా దగ్గర లింక్ తెగి తెగి వచ్చింది, స్విచ్ డబ్బా తెరిస్తే ఉప్పు గాలికి కనెక్టర్లన్నీ తుప్పు. సగం ఫైలు, పూర్తి కబురు అని కెర్నెల్ గారు అన్నది కళ్ళారా చూశాను, చివరి లైను తనిఖీ పట్టేసింది.

కొత్త బాధ: కొన్ని స్లిప్పులు రెండేసి వస్తున్నాయి.

ఉప్పుగాలి
నా పేరు పెట్టుకున్న గాలి చేసిన పనికి నేను బాధ్యుడిని కాను.

పాత_కెర్నెల్
పూర్తి చదువూ కబురూ ఒకే ఫైలుని పట్టుకుని ఉంటాయి. పని మొదలుపెట్టే ముందు ఫైలుని "పనిలో" అనే ఇంకో ఫోల్డర్‌కి రీనేమ్ చెయ్, అదే డిస్కు మీద. ఇద్దరు ప్రయత్నిస్తే ఒకరికే దక్కుతుంది, రెండోవాడికి ఫైలు లేదని ఎర్రర్ వస్తుంది, వాడు ఊరుకుంటాడు. మూడో కాటాది ముందు ఇటు కాపీ చేసుకుని, స్లిప్పు నంబరుని ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో యూనిక్ కీగా (అదే నంబరు రెండోసారి రానివ్వదు) రాసుకో.

కాటా_బాబు
చేశాను సార్. మొదటి రెండు కాటాల్లో డూప్లికేట్లు పూర్తిగా ఆగాయి. మూడో కాటాలో రోజుకి ఒకటో రెండో ఫైళ్ళని యూనిక్ కీ అడ్డుకుంటోంది. లాగ్‌లో చూస్తే స్లిప్పు నంబరు అదే, కానీ ఫైలు మారిన సమయం పది పదిహేను నిమిషాలు తేడా.

సెమాఫోర్_సుజాత
రెండు కాపీలూ ఉంచావా? పక్కపక్కన పెట్టి తేడా చూడు.

కాటా_బాబు
చూశాను. ఒక్క అక్షరం తేడా. లారీ నంబరులో చివరి అంకె. మూడో కాటా దగ్గర కుర్రాడిని అడిగితే, నంబరు తప్పు కొడితే నోట్‌ప్యాడ్‌లో ఫైలు తెరిచి దిద్ది సేవ్ చేస్తున్నానన్నాడు. "ఎప్పటి నుంచో చేస్తున్నాం కదన్నా" అన్నాడు.

సిరిపురం_సిస్టమ్స్
నంబరు దిద్దగలిగినవాడు బరువు కూడా దిద్దగలడు కదా?

కాటా_బాబు
అదే మాట ఓనర్ గారూ అన్నారు. మొహం మారిపోయింది. ఇప్పటిదాకా వచ్చిన లాగ్ మొత్తం ప్రింట్ తీసివ్వమన్నారు. పుస్తకమే నయం అని మాత్రం ఈ రోజు అనలేదు.

నైట్‌షిఫ్ట్_నాని
ప్రింటర్ పనిచేస్తోందా?

కాటా_బాబు
కాగితం అయిపోయింది. తెప్పించి రేపు ఇస్తానన్నాను.